ఊరి దైవము, ఒంటరి దైవము

ఇంగ్లండు దేశపు ఆగ్నేయ కోణమున, కెంటు మండలములో, సముద్రమునకు అతి చేరువగా సెయింట్ పీటర్స్ అను గ్రామమొకటి కలదు. 1871 మొదలుకొని 1898లో కన్నుమూయు వఱకును ఆ గ్రామపు చర్చికి వికారుగా, అనగా ఆ ఊరివారి ఆత్మల భారమును వహించిన గురువుగా, ఆల్‌ఫ్రెడ్ వైట్‌హెడ్ అనునతడు ఉండెను. ఆయన పారిష్ చాలవఱకు పొలములతో నిండిన విశాలమైన గ్రామసీమ. నార్త్ ఫోర్‌ల్యాండ్ అను సముద్రతీరపు కొండకొమ్ము సైతము దాని హద్దులలోనిదే. ఆ సీమలో ఆంగ్లికన్ సంఘమును విడిచి వేఱొక మందిరమున ప్రార్థించుకొను బాప్టిస్టులును నివసించుచుండిరి. వారి సిద్ధాంతములకును వికారు సిద్ధాంతములకును పొత్తు కుదరదు. అయినను ఆ బాప్టిస్టు బోధకుడు మరణశయ్యపై నున్నపుడు అతనికి బైబిలు చదివి వినిపించినవాడు ఈ వికారే యని ఆయన కుమారుడు తన ముదిమిలో జ్ఞాపకము చేసికొనెను.

ఆ వికారు కుమారులలో ఇరువురను గూర్చి తెలుగువారు తెలిసికొనదగియున్నది. 1853లో జన్మించిన హెన్రీ వైట్‌హెడ్ క్రైస్తవ గురువై 1883లో కలకత్తాకు వచ్చి బిషప్స్ కళాశాలకు ప్రధానాచార్యుడై, 1899 నుండి 1922 వఱకు మద్రాసు బిషప్పుగా నుండి, తెలుగు, తమిళ, కన్నడ సీమల పల్లెలను తిఱిగి, పోచమ్మ, ఎల్లమ్మ, పోలేరమ్మల వంటి దేవతల కొలువులను గూర్చి సమాచారమును సేకరించి, 1916లో దక్షిణభారత గ్రామదేవతలపై ఒక గ్రంథమును వెలువరించెను. 1861లో జన్మించిన తమ్ముడు ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్ కేంబ్రిడ్జిలో గణితశాస్త్రవేత్తయై, బెర్‌ట్రాండ్ రసెల్‌తో కలిసి గణితమునకు తర్కమే మూలమని నిరూపింప యత్నించి, అఱువది మూడవ యేట హార్వర్డు విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రాచార్యుడై, 1926లో బోస్టను నగరమున మతోత్పత్తిని గూర్చి ఉపన్యాసములు చేసెను. మానవుడు తన ఏకాంతముతో ఏమి చేసికొనునో అదియే మతమని ఆ ఉపన్యాసముల సారాంశము. అన్నగారు మతమును ఊరంతయు గుమిగూడిన చోట, డప్పుల మ్రోతలో, బలిపీఠము చెంత చూచెను. తమ్ముడు గుంపు చెదరిపోయిన తరువాత మిగిలిన ఒక్క మనుష్యునియందు చూచెను. ఒకే గృహమున పెరిగిన సోదరులు మతమను వస్తువును ఇంతటి భిన్న స్థానములయందు వెదకుటయే నన్ను ఈ ఆలోచనకు పురికొల్పినది. దైవముతో మనకు గల సంబంధము మనము పుట్టిన ఊరివలన కలుగునా, లేక మన అంతరాత్మ తానై ఎన్నుకొనుటవలన కలుగునా? కరీంనగరము, ఆదిలాబాదు సీమల పల్లెలలో ఈ ప్రశ్న నేటికిని ఇంటింట జీవించియున్నది.

పంతొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండు పల్లెలో పారిష్ అనగా ఏమో ముందుగా చెప్పవలెను. అది విశ్వాసుల సంఘము మాత్రమే కాదు, ఒక భూభాగము. ఆ హద్దులలో నివసించు ప్రతి ప్రాణియు, చర్చికి వచ్చినను రాకున్నను, ఆ వికారు సంరక్షణకు పాత్రుడే. బాప్తిస్మమును, వివాహమును, ఖననమును నమోదు చేయు పుస్తకములు 1538 నుండి ఆ చర్చులలోనే ఉండెను. 1834లో పేదల చట్టము మార్పు చెందు వఱకు, దరిద్రుని పోషించు బాధ్యతయు పారిష్‌దే. పండిన పంటలో పదియవ పాలు చర్చికి చెందుచుండెను; 1836 చట్టముతో ఆ ధాన్యభాగము రొక్కముగా మారెను. ఇక వసంతకాలమున, ఆరోహణ పండుగకు ముందు దినములలో, గురువును గ్రామస్థులును పిల్లలను వెంటబెట్టుకొని పారిష్ హద్దుల వెంబడి నడిచి, హద్దురాళ్లను బెత్తములతో కొట్టుచు, ఒక్కొక్కచో ఆ పిల్లలనే రాతికి తాకించి, హద్దు వారి జ్ఞాపకమున చెరగకుండ చేయుచుండిరి. పటములు లేని కాలమున ఆ బాలుని శరీరమే ఊరి పటము. పంటలపై దీవెనలు వేడుకొనుటయు ఆ నడకలోని భాగమే.

ఈ వర్ణనము మన తెలంగాణ పల్లెవారికి అపరిచితము కానేరదు. ఊరి నడుమ బొడ్రాయి ఉండును. బొడ్రాయిని క్రొత్తగా ప్రతిష్ఠించుకొను పండుగ వచ్చినదనగా మూడు దినములో అయిదు దినములో ఊరంతయు ఒక్క ఇల్లగును. ఏ ఊరికి కాపురమునకు పోయినను ఈ ఊరి ఆడబిడ్డలందఱును పిలువబడుదురు. వారికి ఒడిబియ్యము పోయుదురు. బ్రతుకుదెరువునకై బొంబాయి, భివండి, దుబాయి పోయినవారు సెలవు పెట్టుకొని వత్తురు. ఇంటికింతయని చందా ఎత్తుదురు. బైండ్లవారు పాటపాడి దేవతను పిలుతురు. రాత్రివేళ బలి రక్తముతో కలిపిన అన్నమును గంపల కెత్తి, పొలి కేకలు వేయుచు ఊరి పొలిమేరల చుట్టును చల్లుదురు. ఆ వేళ ఊరిలోనివాడు వెలుపలికి పోరాదు, వెలుపలివాడు లోనికి రారాదు. కెంటులోని బాలుడు హద్దురాతిని తాకినట్లే ఇచ్చటి పడుచువాడు చీకటిలో పొలిమేర వెంబడి పరుగెత్తి తన ఊరి మేరను పాదములతో నేర్చుకొనును. రెండు చోట్లను ఆ నమ్మిక ఒక్కటియే: ఈ గీతలోపలివారమందఱము ఒకరి క్షేమమునకు ఒకరము జవాబుదారులము, మశూచి వచ్చినను, కలరా వచ్చినను, వానలు కుఱియకపోయినను, అది ఒక్క ఇంటికి వచ్చిన ఆపద కాదు.

ఊరి మతమునకు గల ఈ విశాలత్వమును చదువుకొన్నవారు తగినంతగా గుర్తింపలేదని నా అభిప్రాయము. విశ్వాసమును గూర్చి అది ఎవ్వరిని పరీక్షింపదు. మొహర్రము నెలలో పీరీల పండుగను చూడుడు. తురకల ఇల్లు ఒక్కటైనను లేని పల్లెలలో సైతము పీరీల కొట్టము ఉండును; కాపులు, గొల్లలు, గౌండ్లవారు, సాలెవారు పీరీల నెత్తుదురు, అలావా గుండము చుట్టును ఆడుదురు, మొక్కులు చెల్లింతురు. వేములవాడ రాజరాజేశ్వరుని సన్నిధికి కోడెమొక్కు చెల్లింప వచ్చినవారు ఆ ప్రాంగణమునందలి దర్గాకును దండము పెట్టుట తరతరముల ఆచారము. ఏ శాస్త్రము ప్రకారము ఇది సమంజసమని అడిగినచో ఆ రైతు సమాధానము చెప్పలేకపోవచ్చును. కాని ఆయనకు సమాధానము అవసరములేదు. ఇది మన ఊరిది, మన పెద్దలు చేసినది, దీనివలన ఎవ్వరికిని కీడు లేదు: అతని వేదాంతమంతయు ఇంతియే. సిద్ధాంతములు వేఱైన మనుష్యులు ఒకే బావినీరు త్రాగి ఒకే కరవును అనుభవించి బ్రతుకవలసిన చోట, ఇంతకు మించిన సహన సాధనమును మానవజాతి కనిపెట్టినదో లేదో నాకు సందేహమే.

హెన్రీ వైట్‌హెడ్ ఈ గ్రామదేవతల కొలువును ఎట్లు చూచెను? ఆయన బిషప్పు, ఆయన దృష్టి బిషప్పు దృష్టియే. దున్నపోతు బలులను, పొలిమేరపై రక్తాన్నము చల్లుటను సవిస్తరముగా వ్రాసెను. భయమే ఈ కొలువునకు ప్రాణమని తలచెను. అయినను కేవలము నిందించి ఊరకొనక, బలియను క్రియకు మూలము లంచము ఇచ్చుట కాదనియు, దైవముతో కలిసి భుజించి ఒక్క రక్తబంధువులగుటయే దాని ఆద్యభావమనియు, ఆనాటి పండితుల వాదమును ఈ పల్లెల ఆచారములతో సరిచూచెను. అచ్చట ఆయన సత్యమునకు మిక్కిలి చేరువగా వచ్చెను. బోనము ఎత్తుకొని పోచమ్మ గుడికి నడచు ఇల్లాలు తన వంటను దేవతకు చూపి, మిగిలినదానిని ఇంటికి తెచ్చి బిడ్డలకు పెట్టునపుడు, ఆమె చేయుచున్నది దేవతతో పంక్తిభోజనమే. భయము లేదని నేననను. పసిబిడ్డలు మశూచితో రాలిపోవుచుండిన కాలమున భయపడని తల్లి ఏ మతములోను ఉండియుండదు. కాని భయమునకు ఎదురుగా ఆమె ఊరినంతటిని కూడగట్టుకొన్నది. ఒంటరిగా వణకుచు కూర్చుండలేదు.

ఇప్పుడు తమ్ముని మాటను విందము. మతము క్రియలతో మొదలై, ఉద్వేగములతో పెరిగి, నమ్మకములుగా స్థిరపడి, తుదకు విచారణకు లోనగునని ఆయన క్రమమును చెప్పెను. మొదటి మెట్లు గుంపులవి. కడపటి మెట్టు ఒంటరివానిది. గుంపుతో కలిసి ఉప్పొంగినవాడు మతమును ఇంకను ఎఱుగడనియు, ఎన్నడును ఒంటరి కానివాడు ఎన్నడును ధార్మికుడు కాలేదనియు ఆయన తలంపు. 1918లో యుద్ధవిమానము కూలి మరణించిన కుమారుని దుఃఖమును మోసిన తండ్రి ఆయన. కనుక ఆయన చెప్పిన ఏకాంతము ఆరామకుర్చీలో కూర్చున్న పండితుని విశ్రాంతియని ఎంచరాదు. ఊరంతయు వచ్చి పరామర్శించి పోయిన తరువాత తలుపు మూసికొన్న యింటిలో మిగులు ఏకాంతమది. అచ్చట బొడ్రాయియు, చర్చి గంటయు రాజాలవు.

ఏకాంతపు మతము పడమటి దేశముల సొత్తని యెవ్వరును పొరబడరాదు. మానేరు గోదావరీ సీమలలో అది మనకు రెండువేల యేండ్ల పరిచయము గలది. ధూళికట్ట స్తూపమును కట్టించిన శాతవాహన కాలపు బౌద్ధులు, ఊరిని విడిచి వచ్చిన భిక్షువుల మార్గమునకు మ్రొక్కినవారే. కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై పంపకవి సోదరుడు జినవల్లభుడు పదియవ శతాబ్దమున చెక్కించిన శాసనమును చూడుడు. సంస్కృతముతో, కన్నడముతోపాటు మన కందపద్యములను ఆ రాతిపై నిలిపిన చోట తీర్థంకరుల బొమ్మలున్నవి. ఊరి గోలకు దూరముగా గుట్టనెక్కి నగ్నముగా నిలిచి తనలోనికి తాను చూచుకొన్నవాని మతమది. ధర్మపురి నరసింహుని ఎదుట నిలిచి శతకము చెప్పిన శేషప్పకవియు, క్షేత్రములో, యాత్రికుల రద్దీలో నుండియే, దైవముతో ఒక్కడుగా మాటలాడెను. క్షేత్రము ఊరిది; ఆ సంభాషణము శేషప్పది.

ఇంతవఱకు వ్రాసినది చదివినవారు ఈ రెంటికిని సయోధ్య సులభమని తలంపవచ్చును. ఊరికి ఊరి దైవమును, మనసునకు మనసు దైవమును ఉండనిమ్మని పలికి విరమింపవచ్చును. ఊరి గీత అందఱిని సమానముగా చుట్టుకొన్నచో నేనును అట్లే విరమించియుందును.

కాని ఆ గీత సమానముగా చుట్టుకొనలేదు. మాలవాడయు మాదిగవాడయు పొలిమేర లోపలనే ఉన్నవి. పొలి చల్లునపుడు ఆ వాడల చుట్టును చల్లుదురు. డప్పు లేనిదే దేవత కదలదు. ఆ డప్పు మాదిగ చేతిలోనిది. దున్నను నఱకు చేయియు, జాతర దండోరా వేయు గొంతుకయు ఆ వాడలవే. కొన్ని గాథలలో దేవతయే ఆ ఇంటి ఆడుబిడ్డ. ఇంత చేసియు, ఊరి బావిలో చేద వేయ వీలులేదు. గుడి గడప దాట వీలులేదు. చచ్చిన తరువాత ఊరివారి శ్మశానములో చోటు లేదు. ఊడిగమునకు లోపలివాడు, గౌరవమునకు వెలుపలివాడు. పటేలు పట్వారీల పాలనలో ఆ డప్పు దేవసేవయు వెట్టియు ఏకకాలమున అయ్యెను. వాయింపనన్నవాడు దేవతకు, దొరకు ఇరువురికిని అపరాధి. ఊరి మతము విశ్వాసమును పరీక్షింపదని మీద మెచ్చుకొంటిని. పుట్టుకను పరీక్షించునని ఇచ్చట చెప్పక తప్పదు.

ఇంగ్లండు పారిష్‌కును తన వెలివాడలు ఉండెను. అచ్చటి వివక్ష పుట్టుకను బట్టి ఇంత కరడుగట్టినది కాదు గాని, వికారు మాటకు తలయొగ్గనివాడు పారిష్ పన్నును మాత్రము చెల్లింపవలసి యుండెను. వేఱు మందిరమున ప్రార్థించువాడు సైతము పారిష్ చర్చి మరమ్మతులకై విధించిన పన్నును కట్టవలెను. ఆ నిర్బంధము 1868లో గాని తొలగలేదు. పారిష్ చర్చి ఆవరణలో అతనిని పాతిపెట్టునపుడు అతని సొంత బోధకుడు ప్రార్థన చేయు హక్కు 1880లో గాని రాలేదు. 1851లో ఒక ఆదివారమున దేశమంతట ఆరాధనకు వచ్చినవారిని లెక్కింపగా అందు దాదాపు సగము హాజరు అధికార సంఘమగు ఆంగ్లికన్ సంఘమునకు వెలుపలి మందిరములలోనిదని తేలినది. అనగా గీత గీసినవారు ఎవ్వరిని తమవారనుకొనిరో వారిలో, ఆరాధనకు వచ్చువారియందే, దాదాపు సగము మంది ఎప్పుడో లేచిపోయిరి.

అట్లు లేచిపోయినవారిలో ప్రముఖులు వెస్లీ అనుయాయులైన మెథడిస్టులు. జాన్ వెస్లీ ఎప్‌వర్త్ అను పల్లెలో అధికార సంఘపు గురువు కొడుకై జన్మించెను. 1742లో ఆ ఊరికి తిఱిగివచ్చినపుడు తన తండ్రి దశాబ్దములు బోధించిన చర్చిలో ప్రసంగించుటకు అతనికి అనుమతి లభింపలేదు. అతడు వెలుపలి శ్మశానములో తండ్రి సమాధిపై నిలిచి, గుమిగూడిన జనులకు బోధించెను. ప్రపంచమంతయు తన పారిష్ అని ఎంచుకొన్న ఆ బోధకుని అనుయాయులే పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకములలో సికింద్రాబాదునుండి కదలి మెదకు, కరీంనగరము సీమలకు వచ్చిరి. పారిష్ గీతతో పోరాడి పుట్టిన సంఘము మన బొడ్రాయి గీతకు ఎదురుపడినది. ఊరి అంచున, వెట్టి క్రింద, డప్పు భుజమున వేసికొని నిలిచినవానితో, నీ పుట్టుకను చూడని దైవమొకడు నీ పేరు పెట్టి పిలుచుచున్నాడని చెప్పినది. తమ్ముడు వైట్‌హెడ్ చెప్పిన ఏకాంతము ఇచ్చట సుఖవంతుల వేదాంతము కాదు. ఊరు తనది కాదని తెలిసికొన్నవానికి అది విమోచన ద్వారము.

కొందఱు దీనిని గంజికి, గోధుమపిండికి మతము మార్చుకొనుట యని తేలికగా అందురు. మెదకులో రెవరెండు పోస్నెట్ కట్టించిన మహాదేవాలయము కరవుకాలపు కూలీలకు పని కల్పించిన మాటయు, అది 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మాటయు నిజమే. ఆకలితో నున్నవానికి పని చూపినవారిని శంకించుటకు ముందు, ఆ ఆకలిని తరతరములుగా చూచి ఊరకున్నవారిని ప్రశ్నించుట న్యాయము. అంతకు మించి, డప్పు దించుట ఎంతటి సాహసమో ఈ తేలిక మాటలవారు ఊహింపలేదు. దేవతకు కోపము వచ్చి ఊరికి చేటు కలిగినచో నెపమంతయు వానిపైననే పడును. భూస్వామి పొలములో పని పోవును. బంధువులు సైతము ముఖము తిప్పుకొందురు. ఆ దినమున అతడు నిజముగా ఒంటరి.

ఒక నష్టమును గూర్చియు చెప్పవలెను. దానిని దాచుట సత్యమునకు ద్రోహము. డప్పుతో పాటు పాట పోయినది. చిందు, బైండ్ల కళలు తెలిసిన కుటుంబములలో కొన్ని ఆ కళలను పాపమని విడిచినవి. బోధకులు కొందఱు ఊరి పండుగల నన్నింటిని ఒక్క త్రోపున చీకటిలోనికి నెట్టిరి. వెట్టిని తెంచుటకు దరువును తెంచవలసిన పనిలేదు. దోర్నకల్ సీమకు 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడైన అజరయ్యగారు ఈ సంగతిని గ్రహించిరి. ఆయనను ఆ పీఠమెక్కించుటకు మిక్కిలిగా పాటుపడినవాడు హెన్రీ వైట్‌హెడే యగుట గమనింపదగినది. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయమున మందిరమును, మసీదును, చర్చిని తలపించు శిల్పములు ఒక్కచో కూడియున్నవి.

ఒంటరిగా బయలుదేరినవారు తిఱిగి ఊరుగా ఏర్పడుట మఱింత విచిత్రము. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికనులు, మెథడిస్టులు మున్నగువారు ఏకమై దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి. వెస్లీ అనుయాయులును, వారిని ఒకనాడు గెంటిన అధికార సంఘమువారును మన దేశమున ఒకే బల్ల చుట్టు కూర్చుండిరి. వైట్‌హెడ్ సోదరు లిరువురును ఆ యేటనే మరణించిరి. 1978లో కరీంనగరము ప్రత్యేక అధ్యక్షమండల మయ్యెను. నేడు ఆ సంఘములలో కోతపండుగ నాడు రైతులు క్రొత్త వడ్లను, గుమ్మడికాయలను, కోళ్లను తెచ్చి పీఠము ముందుంచుదురు. పిదప వేలము పాడుదురు, పిల్లలు కేరింతలు కొట్టుదురు. 1843లో కార్న్‌వాల్‌లోని మోర్వెన్‌స్టో అను మారుమూల పారిష్ గురువు హాకర్ క్రొత్త పంటకై జరిపిన కృతజ్ఞతారాధనము ఆంగ్ల దేశమున వ్యాపించి, సముద్రములు దాటి, మానేరు ఒడ్డున మన కొత్తల పండుగతో కలిసిపోయినది. మనసుతో ఎన్నుకొన్న మతము సైతము మట్టిని వెదకికొనుచు వచ్చును.

దైవము ఊరిదా, మనసుదా అను మన ప్రశ్నకు ఆదిలాబాదు అడవులలో మూడవ సమాధాన మొకటి ఉన్నది. గోండుల పల్లెకును తన కావలి వేల్పు కలదు. కాని గోండు మతపు గుండెకాయ ఊరిలో లేదు, ఒంటరి మనసులోను లేదు, వంశములో నున్నది. నలుగురు దేవతల వారు, అయిదుగురి వారు, ఆర్గురి వారు, ఏడ్గురి వారు అను సగలుగా వారు విభక్తులు. ప్రతి వంశమునకును పెర్సపేను అను తన దైవము కలదు. పోడు పొలములకై ఊళ్లు కదలిన కాలమున దైవమును వంశముతో పాటు కదలెను. కేస్లాపూరులో పుష్య అమావాస్య రాత్రి నాగోబాకు జరుగు మహాపూజను చూచినవారు దీని గాంభీర్యమును మఱువలేరు. మెస్రం వంశమువారు కాలినడకను గోదావరిలోని హస్తలమడుగునకు పోయి, ఝరిలో నీరు నింపుకొని, మ్రొక్కుబడి నియమములతో అడవులు దాటి మఱ్ఱిచెట్టు నీడకు చేరుదురు. ఆ వంశమునకు క్రొత్తగా వచ్చిన కోడండ్రు తెల్లని వస్త్రములు ధరించి నాగోబాకు పరిచయము చేయబడుదురు; దానినే భేటింగ్ అందురు. ఆ పరిచయము జరిగిన తరువాతనే ఆమె ఆ దైవమును సంపూర్ణముగా కొలుచును. ఎక్కడ పుట్టినదో అడుగరు. ఏమి నమ్మునో అడుగరు. ఏ ఇంటికి వచ్చినదో అది చాలును. 1940లో జోడెఘాట్‌లో గోండుల తిరుగుబాటు నాయకుడు కొమరం భీము నేలకొరిగిన పిమ్మట నిజాము ప్రభుత్వము పంపగా వచ్చిన హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు ఈ జాతరయందే గిరిజనుల మొరలు వినుటకు దర్బారును ఏర్పాటు చేయించెను. వంశపు దైవము ఎదుట భూమి తగవు విన్నవించుట ఆ జనులకు అసంగతమని తోచలేదు.

నేలతో దైవమునకు గల ముడి ఎంత గట్టిదో మధ్య మానేరు జలాశయము కట్టినపుడు మన కన్నుల ఎదుట తేలినది. కొదురుపాక, రుద్రవరము, అనుపురము, వరదవెల్లి వంటి ఊళ్లు నీటి పాలయ్యెను. వరదవెల్లి గుట్టమీది దత్తాత్రేయుని గుడికి ఇప్పుడు పడవపై పోవలెను. పునరావాస కాలనీలలో సిమెంటు వీథులు వచ్చినవి, విద్యుద్దీపములు వచ్చినవి. నష్టపరిహారపు లెక్కలలో పోచమ్మ చెట్టునకు వెల కట్టుట మాత్రము ఎవ్వరికిని సాధ్యము కాలేదు. ఊరి మతము కేవలము అజ్ఞానమైయున్నచో ఆ జనులు క్రొత్త కాలనీలో తేలికగా ఊపిరి పీల్చుకొనియుండవలెను. అట్లు జరుగలేదు. వారు పొరుగువారిని, పొద్దును, దిక్కును, పండుగ తేదీని ఒక్కమాఱుగా పోగొట్టుకొనిరి. ఏకాంతములో దైవమును తెలిసికొన్నవాడు సైతము, తన ఏకాంతమునుండి తిఱిగి వచ్చుటకు ఒక ఊరు ఉండవలెనని కోరుకొనును.

నా నిర్ణయమును దాపరికము లేక చెప్పుదును. అన్నదమ్ములలో అన్నగారు చూచిన దానియందు తమ్ముని సత్యము లేదు, తమ్ముడు చూచిన దానియందు అన్నగారి జనులు లేరు. ఊరి మతమునకు మనస్సాక్షి లేనిచో అది వెట్టిగా దిగజారును. మన చరిత్రయే సాక్ష్యము. మనస్సాక్షికి ఊరు లేనిచో దయకు చేతులుండవు. ఈ రెండింటిలో ఒకదానిని ఎన్నుకొనుమని నన్ను నిర్బంధించినచో, వెలివాడలో నిలిచి ఒంటరిగా లేచిన మనుష్యుని పక్షము వహింతును. ఏలయనగా ఊరికి తోడు ఎందఱైనను ఉందురు, అతనికి ఆ దినమున దైవమొక్కటియే తోడు. కాని అట్టి నిర్బంధమును కల్పించుట ఊరిపెద్దల చేతిలోనిదే. తొలగించుటయు వారి చేతిలోనిదే.

ఉత్తర తెలంగాణమున ఈ కొలది యేండ్లలో ఎన్నో పల్లెలు బొడ్రాయి పండుగలను ఘనముగా జరుపుకొనుచున్నవి. ఇంకను ఎన్నో జరుపుకొననున్నవి. ఆ పండుగలకు పూనుకొను పెద్దలకు నాదొక్క విన్నపము. చర్చికి పోవు ఇంటివద్దకు చందాకై పోయినపుడు ఇచ్చినచో పుచ్చుకొనుడు, ఇయ్యనన్నచో నవ్వుమొగముతో మరలిరండు. జరిమానా వేయకుడు, మాటలు కట్టు పెట్టకుడు. డప్పు వాయించువానికి వాని కళకు తగిన సంభావన ఇచ్చి, పంక్తిలో పీట వేయుడు, వాయింపనన్నవానిని వదలుడు. బావియు గుడియు ఎల్లవారికిని తెఱచియుంచుడు. ఇప్పుడు గ్రామ పంచాయతులలో ప్రభుత్వము వైకుంఠధామములను పేర శ్మశానవాటికలను కట్టించినది. వాడవారికి వేఱు చోటు, ఊరివారికి వేఱు చోటు అను మాట ఆ గోడల లోపలికి రానీయకుడు. ఏ ఇంటి పీనుగు వచ్చినను, వారి మంత్రము వారు చెప్పుకొననిండు, వారి పాట వారు పాడుకొననిండు, ఊరు మాత్రము వెంట నడువనిండు.